రెండ్రోజుల కథల వర్క్‌షాప్: పైసా వసూల్ అయింది ఆదివారమే

పోయిన నెల హైదరాబాద్‌లో ఒక కథారచన వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చాను. శని, ఆదివారాలు, ఫీజు 1,500, మధ్యాహ్నం భోజనం వాళ్లదే (పప్పు బాగుంది). హీరో, సమస్య, క్లైమాక్స్ అనే మూడంకాల లెక్క పక్కనపెట్టి జానపద కథల నడకతో రాయడం నేర్పిస్తామన్నారు.

శనివారం నిద్రొచ్చింది. వ్లదీమిర్ ప్రాప్ అనే రష్యన్ పండితుడు వంద దాకా అద్భుత కథలు పరిశీలించి, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే 31 ఘట్టాలను 1928లో తేల్చాడు: ఇంట్లోంచి ఒకరు వెళ్లిపోవడం, వద్దన్న పని చేయడం, మాయవస్తువు దొరకడం, ఇలా. ఆయన చేసింది ఉన్న కథల్ని విప్పి చూడడం. వీళ్లేమో 31 గళ్ల కాగితం చేతికిచ్చి నింపమన్నారు. నింపాను, ఇన్‌కమ్ టాక్స్ ఫారంలా వచ్చింది.

ఆదివారం ఏడు చేపల కథ తీశారు. ఇదా అని లోపల నవ్వుకున్నాను గానీ, విప్పుతుంటే నవ్వు ఆగిపోయింది. అందులో హీరో లేడు, విలన్ లేడు, ఒక్క ప్రశ్న చేపనుంచి గడ్డిమేటుకి, ఆవుకి, గొల్లవాడికి చేతులు మారుతూ పోతుంది, ఎవరి సాకు వాళ్లకి న్యాయంగానే ఉంటుంది, చివరికి చీమ 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా' అంటే ఇక అడగడానికేం మిగలదు.

నా దగ్గర ఏడాదిగా మూలపడిన కథ ఒకటుంది, బీడీలు చుట్టే అవ్వకి పెన్షన్ ఆగిపోవడం గురించి. ఆమెను కలెక్టర్ ఆఫీసు ముందు కూర్చోబెట్టి, ఉపన్యాసం కూడా ఇప్పించి, ఎటూ తెగక వదిలేశాను. అక్కడే కూర్చుని గొలుసుగా మార్చాను. డబ్బులెందుకివ్వలేదంటే మిషన్ తీసుకోలేదు, మిషన్ ఎందుకు తీసుకోలేదంటే వేలిముద్ర పడలేదు, ఎందుకు పడలేదంటే నలభై ఏళ్లు తునికాకు చుట్టి చుట్టి వేలు నున్నగా అరిగిపోయింది. వేలు దగ్గరికొచ్చేసరికి కథ దానంతటదే ఆగింది. ధర్నా కొట్టేశాను.

ఒక్క లోటు, ఊఁ కొట్టేవాళ్ల గురించి మాట్లాడనే లేదు. బుర్రకథలో పక్కనున్న వంతలు కథకుణ్ణి ఆపి ప్రశ్నలేస్తారు, నవ్విస్తారు, రాసిన కథలో ఆ పని ఎవరు చేయాలి? అడిగితే అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చెప్తాం, 4,000 అన్నారు. నేను చేరలేదు. మీరు వెళ్తే ఆదివారం ఒక్కరోజుకి సగం ఫీజు తీసుకుంటారేమో ముందే అడగండి.