మత్తు మందుల్ని ఒక్కో పేరూ చూసి నిషేధించాలా, ఒకే రసాయన చట్రమున్న కుటుంబం మొత్తాన్నా? ఏది మేలు?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో మందుల షాపులో నొప్పి మందు ట్రమడాల్ స్ట్రిప్ తిప్పి చూడండి. ఎర్రగా ‘ఎన్‌ఆర్‌ఎక్స్’ అని, మత్తు మందుల చట్టం కిందికి వచ్చే మందులకు వేసే గుర్తు ఉంటుంది. 2018 ఏప్రిల్ 26న ట్రమడాల్ ఆ చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వచ్చింది. దాని దగ్గరి చుట్టం టపెంటడాల్ పేరు మాత్రం ఆ నోటిఫికేషన్‌లో లేదు. టపెంటడాల్‌కి కండరాలను సడలించే కారిసోప్రొడాల్ కలిపిన బిళ్లలు పశ్చిమాఫ్రికా కుర్రాళ్లను పట్టి పీడించాక, 2025 ఫిబ్రవరిలో గానీ వాటి తయారీ, ఎగుమతి అనుమతులు రద్దు కాలేదు.

ఒక్కో పేరూ చేర్చుకుంటూ పోతే వచ్చే ఆలస్యం ఇది. అందులో మంచి లేకపోలేదు. ఏది నేరమో షాపువాడికీ పోలీసుకీ ముందే తెలుస్తుంది. కానీ మార్ఫిన్‌కన్నా ఎన్నో రెట్లు బలమైన నొప్పి మందు ఫెంటానిల్ దగ్గర ఆ పద్ధతి నిలవదు. అణువులో ప్రొపియొనిల్ ముక్క తీసి అసిటైల్ పెడితే అసిటైల్ ఫెంటానిల్, బ్యూటిరిల్ పెడితే బ్యూటిరిల్ ఫెంటానిల్. పేరు కొత్తది, ఊపిరి ఆపే గుణం పాతదే.

ల్యాబ్‌లో చిక్కు ఇంకా పెద్దది. ఫ్లోరిన్ ఆర్థో, మెటా, పారా స్థానాల్లో ఎక్కడ ఉన్నా ఫ్లోరోఫెంటానిల్ బరువు ఒకటే. పదార్థాన్ని విడగొట్టి, ముక్కల బరువును బట్టి గుర్తించే జీసీ-ఎంఎస్ యంత్రం వీటిని విడదీయలేక తడబడుతుంది. ఫలానా పేరుదే అని కోర్టులో చెప్పాలంటే ఒక్కోదానికీ విడిగా రిఫరెన్స్ స్టాండర్డ్ (పోల్చి చూసే స్వచ్ఛమైన నమూనా) ఉండాలి. కుటుంబం మొత్తం నిషేధమైతే మూడింట్లో ఏదైనా ఒకటే.

అమెరికా ఈ దారే పట్టింది. 2018లో తాత్కాలికంగా, 2025 జులై 16న హాల్ట్ ఫెంటానిల్ చట్టంతో శాశ్వతంగా. ఫెంటానిల్ చట్రంలో చట్టం చెప్పిన ఐదు రకాల మార్పుల్లో ఏది చేసినా షెడ్యూల్ 1, అంటే అతి కఠిన నియంత్రణ ఉన్న జాబితా కిందికే. అలాంటి పదార్థం కలిసిన మిశ్రమం 100 గ్రాములు, ఆపైన పట్టుబడితే కనీసం పదేళ్ల జైలు.

దీనికీ లోటు ఉంది. ఫెంటానిల్‌లాగే ప్రాణాంతకమైన మత్తు పదార్థాలు నిటజీన్లు. వాటిది బెంజిమిడజోల్ అనే వేరే చట్రం కాబట్టి ఈ వలలో పడవు. బ్రిటన్ 2025 జనవరిలో, చైనా జులైలో వాటికి వేరే వల వేయాల్సి వచ్చింది. రెండోది, ఆకారం ఒకటైనంత మాత్రాన శరీరంలో పని ఒకటి కాదు. విరుగుడుగా పనికొచ్చేది కూడా ఈ నిషేధంలో చిక్కుకోవచ్చు.

అందుకే ఆ అమెరికా చట్టంలో పరిశోధనకు వేరే తలుపు పెట్టారు. ప్రభుత్వ నిధులతో పనిచేసే శాస్త్రవేత్తకు షెడ్యూల్ 1 లేదా 2 మందులతో పనిచేసే రిజిస్ట్రేషన్ ముందే ఉంటే, నోటీసిచ్చిన 30 రోజులకు పని మొదలుపెట్టవచ్చు. లేకపోతే 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఒకే ఊళ్లో ఒకే సంస్థకు ఎన్ని ల్యాబ్‌లున్నా ఒక్క రిజిస్ట్రేషన్ చాలు.

మన దగ్గర వైద్యానికే ఇలాంటి తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక లైసెన్సుల మీద లైసెన్సులు పడి ఆసుపత్రుల్లో నొప్పి తగ్గించే మార్ఫిన్ దొరకడమే కష్టమైపోయింది. క్యాన్సర్ రోగులు నొప్పితో నలిగిపోయారు. 2014 సవరణతో, గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఒక్కటే సరిపోయింది. మధ్యలో 29 ఏళ్లు!

కుటుంబం మొత్తాన్ని నిషేధించడమే మేలు. కానీ పరిశోధన తలుపు, నిరపాయమని తేలినదాన్ని జాబితా నుంచి తీసే నిబంధన అదే రోజు, అదే చట్టంలో ఉండాలి. తర్వాత చూద్దామంటే కుదరదు.

ఇక ఇచ్ఛాపురం మీదుగా విశాఖకు వైద్యానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. సొంత వైద్యానికి ట్రమడాల్ ఒకసారికి 100 మోతాదుల వరకు దగ్గర ఉంచుకోవచ్చు. దీర్ఘకాలం వాడాలని డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే 300 వరకు. చీటీ, స్ట్రిప్ ఒకే సంచిలో ఉంచుకోండి.