కటక్ జోబ్రాలో కాటన్ దొర కాలవలు

బరంపురం తెలుగువాళ్లకు కటక్ అంటే హైకోర్టు, పెద్దాసుపత్రి. పనైపోతే రైలెక్కేయడమే. ఈసారి అత్తయ్య చెకప్ పొద్దున్నే తేలిపోవడంతో మావయ్యనీ ఆవిడనీ ఆటోలో జోబ్రాలో ఉన్న మారిటైమ్ మ్యూజియంకి, అంటే పడవలూ సముద్రయానాల మ్యూజియంకి తీసుకెళ్లాను.

మహానది ఒడ్డున ఉన్న ఈ మ్యూజియం ఒకప్పుడు కాలవల వర్క్‌షాపు. 1869లో పెట్టారు. 1858లో ఒరిస్సా వచ్చి, గోదావరి మీద చేసినట్టే మహానది మీదా ఆనకట్ట కట్టి కాలవలు తవ్వమన్నది మన కాటన్ దొరే. ఓ ప్రైవేటు కంపెనీ పని మొదలుపెట్టింది. మధ్యలో 1866 నాటి నఅంక కరువు. బయటి నుంచి బియ్యం వచ్చే దారిలేక లక్షలమంది పోయారు. 1868 చివర్లో ఆ పనులు ప్రభుత్వం చేతికొచ్చాయి. పొలాలకు నీళ్లతో పాటు సరుకు పడవలకూ పనికొచ్చేలా తవ్వినవి కాబట్టే లాకులు, స్టీమర్లు, వాటికి ఈ వర్క్‌షాపు. రైలొచ్చాక పడవల పని పడిపోయింది.

చూడాల్సింది పాత యంత్రాల షెడ్డు. ధవళేశ్వరం మ్యూజియంలో కాటన్ జీవితం తెలుస్తుంది, ఇక్కడ ఆ పని ఎలా చేశారో తెలుస్తుంది. నాకిదే నచ్చింది. పడవల దగ్గర మావయ్య కదల్లేదు. "మన గోపాలపురం పడవకి మేకులే ఉండవురా, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టీడమే" అంటూ వేళ్లతో కుట్టు చూపించాడు. పక్కనున్న ఒడియా కుర్రాళ్లు కూడా ఆగి చూశారు. అక్వేరియం పిల్లలుంటే సరే. బోర్డులు ఒడియా, ఇంగ్లీషుల్లోనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా చూసుకోవాలి.

బయటికొచ్చి తాలదండ కాలవ చూస్తే మాత్రం ఉసూరుమనిపిస్తుంది. ఊళ్లో అది మురుగే.

రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జిలో ఏసీ రూమని డబ్బు కట్టించుకున్నారు. ఏసీ గాలి తప్ప అన్నీ వచ్చాయి, దోమలతో సహా. అడిగితే "పొద్దున్న చూస్తాం" అన్నారు. అత్తయ్య మాత్రం దహీబరా ఆలూదమ్‌తో (పెరుగువడ, బంగాళాదుంప కూర) ఊరుని క్షమించేసింది.

నీళ్లమీద తిరగాలనుకుంటే అంతదూరం అక్కర్లేదు. చిలికా సరస్సుని రుషికుల్య నదితో కలిపే పాలూరు కాలవ మన గంజాం జిల్లాలోనే ఉంది. రంభలో ఒడిశా టూరిజం వాళ్ల పంథనివాస్‌లో దిగి, పడవ మాట్లాడుకోవచ్చు. బేరం మాత్రం ఎక్కకముందే తేల్చుకోండి.