ఫ్లాటు వెతుకుతున్నారా? ముందు రెరా పేజీ తెరవండి

తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ప్రాజెక్టుల వివరాలు చూడటానికి లాగిన్ అక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు. ప్రాజెక్టు పేరో, బిల్డర్ పేరో కొట్టి వెతికితే చాలు. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు కొనేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే చోటు నాకు ఇంకోటి కనబడలేదు.

మేం చూస్తున్నది అమ్మానాన్నల కోసం, రెండు బెడ్‌రూములది. నాన్న రిటైర్మెంటు డబ్బు దాదాపు అంతా ఇందులోకే వెళ్తుంది. అందరిలాగే మేమూ పేరున్న ఓ ప్రాపర్టీ సైట్‌తోనే మొదలుపెట్టాం. ఫొటోలు బ్రహ్మాండం. బిల్డింగ్ ఎక్కడుందంటే మాత్రం మ్యాప్‌లో ఓ పెద్ద గుండ్రం. అసలు చోటు తెలియాలంటే కాంటాక్ట్ బటన్ నొక్కాలి, దానికి ఓటీపీ. ఓటీపీ కొట్టిన సాయంత్రం నుంచే ఫోన్లు. మనం అడిగింది "నిన్ననే అయిపోయింది మేడమ్, అలాంటిదే ఇంకోటుంది, సండే క్యాబ్ పంపిస్తాం, వచ్చి చూడండి."

అలాంటి ఓ లిస్టింగ్‌ని, అదే ప్రాజెక్టు రెరా పేజీని పక్కపక్కన పెట్టి చూశాను. లిస్టింగ్‌లో "మియాపూర్ మెట్రోకి దగ్గర, 1,250 ఎస్‌ఎఫ్‌టీ" అని ఉంది. రెరా పేజీలో ఊరు బాచుపల్లి. సర్వే నంబరుతో సహా ఉంది కాబట్టి గుండ్రాలతో పని లేదు. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే జాగా, 74.3 చదరపు మీటర్లు. చదరపు అడుగుల్లోకి మార్చడానికి 10.764తో గుణిస్తే 800 ఎస్‌ఎఫ్‌టీ వచ్చింది. మిగతా 450లో బయటి గోడలు, బాల్కనీ, కారిడార్, లిఫ్టు, మెట్లలో మన వాటా అన్నీ కలిసున్నాయి. రేటు కట్టేది మొత్తం 1,250కి. అమ్మ తన బీరువా ఎక్కడ, దేవుడి మందిరం ఎక్కడ అని లెక్కేసుకునేది మాత్రం ఆ 800లోనే. ఈ ఒక్క అంకె ముందే తెలిసుంటే కొన్ని ఇళ్లు చూడ్డానికి కూడా వెళ్లేవాళ్లం కాదు.

లిస్టింగ్‌లో దసరాకి గృహప్రవేశం అన్నారు. రెరా పేజీలో పూర్తిచేసే గడువు ఆ తర్వాతి ఏడాదికి ఉంది.

ఇవన్నీ బిల్డర్లు ఇష్టమై పెట్టేవి కావు. 2016 నాటి రెరా చట్టం పెట్టించినవి. సెక్షన్ 11 ప్రకారం ఎన్ని ఫ్లాట్లు బుక్కయ్యాయో, ఏ అనుమతులు వచ్చాయో, ఇంకా ఏవి రావాలో బిల్డరు మూడు నెలలకోసారి ఆ పేజీలో నింపాలి. "రెండే మిగిలాయి మేడమ్" అని తొందరపెడితే ఆ లెక్క తీసి చూసుకోవచ్చు. ప్రకటనలో రెరా నంబరు కనబడేలా వేయాలన్నదీ అదే సెక్షన్‌లో ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం సెక్షన్ 3 ఒప్పుకోదు. ప్రీలాంచ్ ఆఫర్ అంటూ సగం ధరకి చూపించేవాళ్లని ముందు ఆ నంబరు అడగండి.

నాకు బాధనిపించేది ఇక్కడే. ఊరందరికీ ఊరికే కనబడాలని చట్టం చెప్పిన సమాచారాన్ని ప్రాపర్టీ సైట్లు మన ఫోన్ నంబరుకి ఎరగా వాడుకుంటున్నాయి. ప్రతి లిస్టింగ్ కింద రెరా పేజీ లింకు, పక్కనే కార్పెట్ ఏరియా పెట్టడం వాళ్లకి ఎంత పని? జన్మలో ఒకసారి ఇల్లు కొనేవాళ్లు చూసే పేజీ అది.

రెరా పేజీలో అన్నీ దొరుకుతాయనుకోకండి. ధర ఉండదు, దానికి లిస్టింగే గతి. స్థలం 500 చదరపు మీటర్లకి మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి గల్లీల్లో లేచే చిన్న అపార్టుమెంట్లు చాలావరకు అందులో కనబడవు. తెలంగాణలో 2017 జనవరి 1కి ముందు అనుమతి తీసుకున్నవీ ఉండవు.

పాత ఫ్లాటు, రీసేల్ చూసేవాళ్లకి రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీయే (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఆధారం. ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. ఎవరు ఎవరికి అమ్మారు, ఏ తేదీన, దస్తావేజులో ఎంత రాశారు, రిజిస్టరైన తాకట్టు ఏదైనా ఉందా అన్నీ వరసగా వస్తాయి. దస్తావేజులో రాసిన విలువే నిజంగా చేతులు మారిన డబ్బని నమ్మక్కర్లేదు. తాకట్టు వరసని మాత్రం వదలకండి. లోను ఎప్పుడో తీరిపోయిందని ఓనర్ చెప్పినా ఈసీలో దాని విడుదల కనబడకపోతే, బ్యాంకు ఇచ్చిన కాగితం, రిలీజ్ డీడ్ చూశాకే అడ్వాన్సు మాట ఎత్తండి.