నడుం నొప్పి ఉన్నవాళ్లకు పెడల్ కయాక్: రెక్కలదా, ప్రొపెల్లర్‌దా?

నడుం సరిగ్గా లేకపోయినా నీళ్ల మీద తిరగడం మానుకోలేనివాళ్లు చివరికి వచ్చి ఆగేది పెడల్ కయాక్ (కాళ్లతో తొక్కి నడిపే సన్నటి చిన్న పడవ) దగ్గరే. తెడ్డు వేస్తే ప్రతిసారీ నడుం మెలి తిరగాలి. పెడల్ అయితే ఆ పని తొడలు, పిక్కలు చూసుకుంటాయి. ఇండియాలో ఉన్న అమ్మకి ఫొటో పంపితే "పార్కులో తొక్కే బాతు పడవ లాంటిదేగా" అంటుంది. ఒక రకంగా అదే, కాకపోతే ధర వేరు.

తిరకాసంతా కొనేటప్పుడే. అమెరికాలో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి, 1997లో వచ్చిన హోబీ కంపెనీ మిరాజ్ డ్రైవ్ (డ్రైవ్ అంటే పడవని నడిపే పెడల్ యంత్రం) పద్ధతి: కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటి ముందుకు తోస్తే పడవ కింద రెండు రెక్కలు అటూ ఇటూ ఆడతాయి. రెండోది ఓల్డ్ టౌన్ పీడీఎల్, నేటివ్ ప్రొపెల్ పద్ధతి: సైకిల్ తొక్కినట్టు తొక్కితే ప్రొపెల్లర్ తిరుగుతుంది. షాపువాళ్లు స్పీడు గురించి, గాలం పెట్టుకునే చోటు గురించి ఎంతసేపైనా చెప్తారు. నడుం మాటెత్తితే మాత్రం సీటు చూపించి ఊరుకుంటారు.

ముందు మీది ఎలాంటి నడుం నొప్పో తేలాలి. డిస్క్ జారినవాళ్లకి (ఎక్కువగా ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే నడుం కింది వెన్నుపూసల మధ్య) సాధారణంగా ముందుకు వంగినా, చాలాసేపు కూర్చున్నా నొప్పి పెరుగుతుంది. వెన్నులో నరాల దారి ఇరుకైన స్టెనోసిస్ వాళ్లది దీనికి పూర్తిగా రివర్స్. నిలబడితే, నడిస్తే కాళ్లు లాగేస్తాయి, కాస్త వంగి కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. కాస్ట్‌కో లాంటి పెద్ద షాపుల్లో సామాన్ల బండి మీద వాలిపోయి నడిచే పెద్దవాళ్లలో వీళ్లు కనిపిస్తుంటారు. వీళ్లకి రెండు రకాల పెడల్ కయాకూ బాగానే పడొచ్చు. అసలు ఆలోచించాల్సింది డిస్క్ వాళ్లే. పాదం పైకి లేవకపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి ఏవైనా ఉంటే కయాక్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నేల మీద, గోడకి ఆనుకోకుండా, కాళ్లు బారజాపి ఓ రెండు నిమిషాలు కూర్చుని చూడండి. తొడ వెనక కండరాలు బిగుసుకుని కటిని వెనక్కి లాగేస్తాయి. నడుం దగ్గర ఉండాల్సిన లోవంపు పోయి వీపు గూనిలా వంగుతుంది. తెడ్డు కయాక్‌లో చాలామందికి నడుం పట్టేసేది ఇందుకే. పెడల్ కయాక్‌లో సీటు ఎత్తుగా ఉంటే ఈ గొడవ తగ్గుతుంది, కిందకి ఉంటే దాదాపు అలాగే ఉంటుంది.

రెక్కల డ్రైవ్‌లో మోకాళ్లు పెద్దగా పైకి లేవవు. కాలు పూర్తిగా చాపనక్కర్లేదు, చిన్న చిన్న తోపులతో కూడా పడవ సాగుతుంది. నొప్పి మొదలైనట్టు అనిపిస్తే అడుగు చిన్నది చేసుకోవచ్చు. నా దృష్టిలో దీనికి ఉన్న పెద్ద బలం ఇదే. కాకపోతే ప్రతి తోపుకీ ఎదురు ఒత్తిడి వెనక సీటు మీద, అంటే మీ నడుం మీదే పడుతుంది. పెడల్ కడ్డీ మీద 1 నుంచి 7 దాకా అంకెలుంటాయి. ఒక్క గడి దూరం ఎక్కువైనా కాలు అందుకోవడానికి తుంటి పక్కకి ఒరుగుతుంది. గంటసేపు అలా ఊగితే సాయంత్రానికి తెలిసొస్తుంది. కాలు పూర్తిగా తోసినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. అద్దె పడవల్లో ఒక్కోసారి ఎడమ కడ్డీ 4 మీద, కుడిది 6 మీద ఉంటుంది. ఎక్కేముందు అది చూసుకోవాలి.

ప్రొపెల్లర్ రకంలో కాలు పూర్తి చుట్టు తిరగాలి, మోకాలు ఛాతీ వైపు లేస్తుంది. సీటు కిందకి, పెడల్ పైకి ఉంటే డిస్క్ వాళ్లకి అది చెత్త కాంబినేషన్. సీటుని పట్టాల మీద వెనక్కి జరిపి, వీలైతే ఎత్తు పెంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. పీడీఎల్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ పదిసార్లకు పైగా తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా తొక్కినా చాలు. వెనక్కి తొక్కితే పడవ వెనక్కి వస్తుంది, ఒడ్డు దగ్గర తెడ్డు పట్టుకుని మెలికలు తిరగక్కర్లేదు. హోబీలో 2016 నుంచి రివర్స్ ఉంది గానీ దానికి తాడు లాగాలి. ఇంకో సంగతి, సయాటికా (నడుం నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) ఒక కాలికే ఉన్నవాళ్లు బాగున్న కాలితో గట్టిగా తొక్కి, రెండోదాన్ని ఊరికే తిరగనివ్వచ్చు. రెక్కల డ్రైవ్‌లో అలా కుదరదు. ఒక పెడల్ తోస్తే రెండోది వెనక్కొస్తుంది, దాన్ని మళ్లీ ఆ కాలే తోయాలి.

లైఫ్ జాకెట్‌ని ఎవరూ లెక్కచేయరు. మామూలు జాకెట్‌లో వీపు కింది దాకా ఫోమ్ ఉంటుంది. అది సీటుకీ నడుంకీ మధ్య ఇరుక్కుని, సీటులోని నడుం ఆసరాని పనికిరాకుండా చేస్తుంది. ఫోమ్ వీపు పై భాగంలోనే ఉండి, కింద జాలీ గుడ్డ ఉండే రకం తీసుకుంటే అదే సీటు వేరే సీటులా ఉంటుంది.

ఇదంతా ఒక ఎత్తు, బరువు ఒక ఎత్తు. నడుం పట్టేసేది నీళ్లలో కన్నా పార్కింగ్‌లోనే ఎక్కువ. పీడీఎల్ తరహా పడవలు చాలావరకు అన్నీ బిగిస్తే 100 పౌండ్ల దగ్గరో, పైనో ఉంటాయి. హోబీ ప్రో యాంగ్లర్ 14 అయితే 150 దరిదాపుల్లో. అదే హోబీ కంపాస్, సీటూ డ్రైవూ తీసేస్తే 70 పౌండ్లకు అటూ ఇటూ. కారు పక్కకి దిగివచ్చే థూలే హల్లావేటర్ ప్రో ర్యాక్ 40 పౌండ్ల దాకా భారం తను మోస్తుంది, కానీ 75 పౌండ్లకు మించిన పడవ దాని మీద పెట్టకూడదు. అంటే బరువైన పడవలకి ట్రైలర్ కొనక తప్పదు. డ్రైవ్ బిగించడం కూడా ఒడ్డునో, మోకాలి లోతు నీళ్లలోనో పక్కన నిలబడి చేసుకోవాలి. సీట్లో కూర్చుని చేతులు చాపి ఆ బరువు ఎత్తడం డిస్క్ వాళ్లకి అస్సలు పనికిరాదు.

డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ చెరువుల్లో ఒంటరిగా తిరిగేవాళ్లెవరైనా అడిగితే, డిస్క్ సమస్య ఉండి తొడ వెనక కండరాలు బిగుసుకున్నవాళ్లకి నేను తేలికపాటి రెక్కల పడవే చెప్తాను. నొప్పి ఒకే కాల్లోకి దిగేవాళ్లకి, పడవ ఎత్తిపెట్టే తోడు ఉంటే, ప్రొపెల్లర్ మేలు. మోకాళ్లు కూడా అరిగినవాళ్లు రెక్కలవైపే మొగ్గాలి. తోడు లేనివాళ్లకి డ్రైవ్ ఏదైనా సరే, తక్కువ బరువున్నదే మంచిది.

షాపు డెమోలో పది నిమిషాలు తొక్కి తేల్చుకోవద్దు. గంటకి అద్దెకి తీసుకుని, మధ్యలో ఓసారి ఒడ్డుకొచ్చి నాలుగడుగులు నడిచి మళ్లీ తొక్కండి. డబ్బులు కట్టేది మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు నడుం ఎలా ఉందో చూసుకున్నాకే.