క్లింగాన్ ‘మఖ్’: చాలాకాలం వాడాక

స్టార్ ట్రెక్ సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ తయారుచేసిన క్లింగాన్ భాషలో చాలా ఏళ్లుగా రాస్తున్నాను, తోటివాళ్లతో మాట్లాడుతున్నాను. 1985లో వచ్చిన ఆయన నిఘంటువులో ఉత్తమ పురుష బహువచనానికి ఒకటే మాట ఉంది: ‘మఖ్’. చివరి హల్లును గొంతు గీరుకుంటూ పలకాలి. మనం, మేము రెండూ దాంట్లోనే. తెలుగువాళ్లకు ఇది మొదటి నుంచీ వెలితిగానే ఉంటుంది.

‘కాఘ్ విషొప్’ అంటే ‘కాఘ్ తింటాం’ అని. కాఘ్ అంటే స్టార్ ట్రెక్ కథల్లోని క్లింగాన్ జాతివాళ్లు ఇష్టంగా తినే పురుగుల వంటకం. ఎదుటి మనిషిని కూడా విస్తరి దగ్గరికి పిలిచినట్టా, లేక మా సంగతి మేం చెప్పుకున్నట్టా? చివర మఖ్ చేర్చినా తేలదు. అంత ముఖ్యమైతే ‘నువ్వూ నేనూ’ అని విప్పి చెప్పాల్సిందే. పరువు కోసం ప్రాణం పెట్టే జాతి భాషలో ఇది పెద్ద లోటేనని ఇప్పటికీ అంటాను.

అయితే అసలు పనంతా క్రియ ముందు అతికే ఉపసర్గలది. ఎవరు, ఎవరిని అనే రెండు విషయాలూ అవే చెప్పేస్తాయి. ‘పిలెఘ్’ అంటే మేము నిన్ను చూస్తున్నాం. ‘రెలెఘ్’ అంటే మిమ్మల్ని. ‘జులెఘ్’ అంటే నువ్వు మమ్మల్ని చూస్తున్నావు. వినేవాడు అవతలి పక్క ఉన్నాడు కాబట్టి వీటిలో ‘మనం’ అనే అర్థానికి చోటే లేదు. తెలుగులో సరిగ్గా తిరగేసి ఉంటుంది: సర్వనామం తేడా చూపిస్తుంది, ‘చూస్తాం’ అనే క్రియ చూపించదు. ఇది గమనించాక ఈ భాష మీద నాకు ఇష్టం రెట్టింపైంది.

మఖ్ నిజంగా మెరిసేది ‘త్లింగన్ మఖ్’ లాంటి చోట. ‘మేము క్లింగాన్లం’ అని. ‘ఉండు’ అనే క్రియ అక్కర్లేదు, ఆ పనీ మఖ్ చేసేస్తుంది.

మరో అందం స్వామ్యార్థంలో ఉంది. ‘మన ఇల్లు’ అనాలంటే ‘జుఖ్‌మజ్’. అదే బిడ్డ అయితే ‘పుక్‌మ’, చివర గొంతు టక్కున బిగించాలి. మాట్లాడగల ప్రాణికి ‘మజ్’ తగిలిస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ అది చిన్నచూపు చూసినట్టే. బళ్లో మహద్వాచకం, అమహద్వాచకం చదివినవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మఖ్‌తో కుస్తీ పట్టకండి. ముందు ‘మేము’ కర్తగా ఉన్నప్పుడు క్రియకు అతికే మ, వి, డి, పి, రె అనే అయిదు ఉపసర్గలు నోటికి వచ్చేయాలి.