లీజు 80 ఏళ్ల దగ్గర పడిందా? ఫ్రీహోల్డర్ ఏజెంటు తీపి మాటలు నమ్మకండి

ఇంగ్లండులో ఫ్లాటు కొన్న, కొనబోతున్న మన తెలుగువాళ్లందరికీ ఇది. ఒళ్లు మండిపోతుండగా రాస్తున్నాను. ఏజెంటుతో ఫోన్ మాట్లాడి ఇంకా గంట కూడా కాలేదు.

లీజ్‌హోల్డ్ సంగతి క్లుప్తంగా చెప్తాను: ఫ్లాటు లీజులో రాసినన్ని ఏళ్లకే మనది, దాని అసలు యజమాని ఫ్రీహోల్డర్, గడువు పెంచుకోవాలంటే ఆయనకు డబ్బు కట్టాలి. మాది హారో వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాటు, 2024లో కొన్నాం. లీజు 2006 సెప్టెంబర్ 29 నుంచి 99 ఏళ్లు. అంటే 2025 సెప్టెంబర్ ఆఖరుకి మిగిలిన గడువు 80 ఏళ్ల గీత దాటి కిందికి పోతుంది. ఆ గీత దాటితే పొడిగింపు ధరలో మ్యారేజ్ వాల్యూ వచ్చి చేరుతుంది. లీజు పెరగడం వల్ల ఫ్లాటుకు వచ్చే విలువలో సగం ఫ్రీహోల్డర్‌కు ఇచ్చుకోవాలి. 80కి పైన ఉంటే ఆ లెక్కే రాదు. ఒక్క రోజు అటూ ఇటూ అయితే వేల పౌండ్ల తేడా.

ఇదంతా మాకు కొన్నప్పుడే తెలుసు. అప్పట్లో రెండేళ్లు ఓనర్‌గా ఉన్నాకే సెక్షన్ 42 నోటీసు (చట్ట ప్రకారం లీజు పొడిగింపు అడిగే నోటీసు) ఇవ్వాలనే రూలు ఉండేది. 2025 జనవరి 31న దాన్ని ఎత్తేశారు. ఎత్తేయగానే ఫ్రీహోల్డర్ తరఫున చూసే ఏజెంటుకు రాశాం. ఆవిడ ఎంత మర్యాదగా జవాబిచ్చిందో! నోటీసు, వాల్యుయర్లు, లాయర్లు అంటూ ఖర్చెందుకు, నేరుగా మనం మనం మాట్లాడుకుందాం, 11,500 పౌండ్లకు మా క్లయింటు ఒప్పుకుంటారు అని. ధర సబబుగానే ఉంది. సరేనన్నాం. వాళ్ల వాల్యుయేషన్ ఫీజు కూడా ముందే కట్టించుకున్నారు.

అక్కణ్నుంచి సాగదీత మొదలైంది. క్లయింటు సంతకం కావాలన్నారు, మా బ్యాంకు కన్సెంట్ అన్నారు, తర్వాత వాళ్ల సొలిసిటర్ సెలవులో ఉన్నాడన్నారు. అడిగిన ప్రతి కాగితం మేం అదే రోజు పంపాం.

జూలైలో మా సొలిసిటర్ గట్టిగానే చెప్పాడు, ఇక ఆగొద్దు, నోటీసు ఇచ్చేద్దాం అని. ఆ మాట ఆవిడకు చెప్పాం. ఇదిగో, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆవిడ రాసిన మెయిల్ నా దగ్గర భద్రంగా ఉంది. మీరు నోటీసు ఇస్తే మా ఆఫర్ ఆ రోజుతో రద్దు, ఇక ట్రిబ్యునల్‌లోనే (ఇలాంటి తగాదాలు తేల్చే కోర్టు లాంటిది) కలుసుకుందాం, డ్రాఫ్ట్ లీజు దాదాపు సిద్ధంగా ఉంది, తొందరపడి చేతికొచ్చింది పాడుచేసుకోవద్దు అని రాసింది. డ్రాఫ్ట్ నిజంగానే వచ్చింది కూడా, ఆగస్టులో. అందులో మా ఫ్లాటు నంబరే తప్పు. దిద్ది పంపమని తిప్పి పంపాం. సెప్టెంబర్ అంతా ఫోన్ ఎత్తే దిక్కు లేదు.

అక్టోబర్ వచ్చింది. ఇవాళ పొద్దున ఆవిడే ఫోన్ చేసింది. గొంతే మారిపోయింది. "మీ లీజు ఇప్పుడు 80 ఏళ్ల లోపు. కొత్త ధర 18,750. ఒప్పుకుంటే వారంలో చెప్పండి" అంది. మొన్నటిదాకా 11,500 అన్నారు కదా, రాతపూర్వకంగా ఇచ్చారు కదా అన్నాను. "పైన సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్ అని ఉంది, చదవలేదా?" అంది. అంటే కాంట్రాక్టు కుదిరేదాకా ఆ మాటకు వాళ్లు కట్టుబడి లేరని. ఆలస్యం మీ వైపు నుంచే కదండీ అన్నాను. అప్పుడు అన్న మాట ఇది: "మిమ్మల్ని నోటీసు ఇవ్వొద్దని ఎవరాపారు? మీ హక్కు మీరు వాడుకోలేదు."

నోటీసు ఇస్తే ఆఫర్ రద్దు అని బెదిరించిన మనిషే ఈ మాట అంటోంది. మెయిల్ చదివి వినిపించాను. "మీ సొలిసిటర్‌తో మాట్లాడుకోండి" అని పెట్టేసింది. నాకు చేతులు వణికాయి. ఏడువేల పైచిలుకు పౌండ్లు మా ఇంట్లో చిన్న మొత్తం కాదు. నైట్ డ్యూటీలు చేసి పోగేసుకున్న డబ్బు. హైదరాబాదులో ఫ్లాటు కొంటే నేలలో ఇన్ని గజాలు అని మన పేరున రాసిస్తారు. సొంతిల్లు కొన్నాక మళ్లీ ఎవరికి కడతారమ్మా అని మా నాన్న అడుగుతుంటే ఏం చెప్పను?

ఇంకో దారుణం చూడండి. ఆ కొత్త ఆఫర్‌లో లీజు "125 ఏళ్లకు" అని ఉంది. ఉన్నదానికి 125 కలపడం కాదు, మొత్తం కలిపి 125. అంటే వచ్చేది 45 ఏళ్లే. పాత లీజు గడువు తీరేదాకా గ్రౌండ్ రెంట్ (ఫ్రీహోల్డర్‌కు కట్టే నేల అద్దె) అలాగే కడుతూ ఉండాలట. అదే 1993 చట్టం ప్రకారం ఆ సెక్షన్ 42 నోటీసు ఇస్తే ఉన్నదాని మీద 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ సున్నా అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ధర లెక్కగట్టేది నోటీసు అందిన తేదీని బట్టి. ఆ తర్వాత వాళ్లు ఎంత సాగదీసినా ఆ తేదీ కదలదు. అందుకే వాళ్లకు నోటీసు అంటే అంత భయం. ఆఫర్ వద్దని చెప్పేశాం, రేపే నోటీసు వెళ్తోంది. మ్యారేజ్ వాల్యూ కట్టాల్సిందే, కానీ వాళ్లు చెప్పిన లీజు మీద మాత్రం సంతకం పెట్టం.

ఏజెంటు పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తుంది. కానీ ఇలా మాట్లాడేవాళ్లు ఒక్కరే కాదు.

మీరు చేయాల్సింది: లీజు కాగితం తీసి అది ఏ తేదీన మొదలైందో చూడండి, మీరు కొన్న తేదీ కాదు. 82, 83 ఏళ్లు మిగిలి ఉండగానే కదలండి. బేరం ఆడుకోండి, కానీ నోటీసు ఇచ్చాకే ఆడండి. 2024లో వచ్చిన లీజ్‌హోల్డ్ సంస్కరణ చట్టం మ్యారేజ్ వాల్యూ తీసేస్తుంది కదా, ఆగండి అని ఎవరైనా అంటే, ఆ భాగం ఇంకా అమల్లోకి రాలేదని గుర్తుపెట్టుకోండి. లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ వాళ్లు ఉచితంగా సలహా ఇస్తారు, ముందు వాళ్లను అడగండి.

ఇప్పుడు కొంటున్నవాళ్లు, లీజు 80కి దగ్గరగా ఉంటే అమ్మేవాళ్ల చేతే నోటీసు ఇప్పించి, ఫ్లాటుతో పాటు అది మీ పేరున అసైన్ (బదిలీ) చేయించుకోండి. ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కేదాకా మీరు సొంతంగా నోటీసు ఇవ్వలేరు, దానికి నెలలు పడుతుంది. ఫ్రీహోల్డర్ కౌంటర్ నోటీసు (మన నోటీసుకు జవాబు) ఇచ్చాక ధర తెగకపోతే ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆ గడువు దాటితే నోటీసు చెల్లదు, మళ్లీ ఇవ్వడానికి ఏడాది ఆగాలి.