హైదరాబాద్ - వైజాగ్: టికెట్ మీద గంటా ఇరవై, మాకు ఎనిమిది గంటలు

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి విమానంలో ఎంతసేపు అని ఎవరైనా అడిగితే గంటా ఇరవై అని చెప్పేయకండి. అది టికెట్ లెక్క. కూకట్‌పల్లిలో మా ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి గాజువాకలో పెళ్లివారింటికి చేరేదాకా మాకు ఎనిమిది గంటలు పట్టింది.

ఆకాశంలో ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 500 కిలోమీటర్లు. రైలు వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకి దిగి, మళ్లీ రాజమండ్రి వైపు పైకెళ్లాలి కాబట్టి 700 దాకా అవుతుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, డబ్బు పోతే పోయిందని ముగ్గురికీ 14,610 పెట్టి విమానం టికెట్లు కొన్నాం. పదకొండింటికి బయలుదేరితే శంషాబాద్‌కి క్యాబ్ 1,140, గంటా పావు. అక్కడిదాకా బాగానే ఉంది.

విమానం 2:15కి. 1:30కి మెసేజ్ వచ్చింది, నలభై నిమిషాలు ఆలస్యమని. తర్వాత 3:30 అన్నారు, ఆ తర్వాత 4:15. ఒకేసారి నిజం చెప్తే వీళ్ల సొమ్మేం పోతుంది? కౌంటర్లో అమ్మాయి "ఆపరేషనల్ రీజన్స్ సార్" అన్న మాట తప్ప ఇంకోటి చెప్పదు. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు దాటి ఆలస్యమైతే తిండి పెట్టాలని విమానాలను నియంత్రించే డీజీసీఏ నిబంధన ఉంది. ఫోన్లో తీసి చూపిస్తే గానీ కదల్లేదు. చివరికి చల్లారిన శాండ్‌విచ్, చిన్న జ్యూస్ డబ్బా. అడిగినవాళ్లకే ఇచ్చారు, అడగనివాళ్లు అలాగే కూర్చున్నారు. ఆ రోజు శనివారం, అత్తగారు ఉల్లిపాయ ముట్టరు. రెండు ఇడ్లీలు 240 అని బోర్డు చూసి, "ఇంటికెళ్లాకే తింటాలే" అని కళ్లు మూసుకున్నారు. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది.

4:55కి లేచి ఆరు దాటాక దిగాం. మేం దిగిన వైజాగ్ విమానాశ్రయం ఊళ్లోనే, నౌకాదళం వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరం రన్‌వే మీదే. గాజువాక దగ్గరే అయినా బయట క్యాబ్ అతను 600 అడిగాడు. బేరమాడే ఓపిక ఎవరికుంది? ఇచ్చేశాం.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది.

తిరుగు ప్రయాణం వందే భారత్‌లో. తెల్లవారుజామున 5:45కి వైజాగ్‌లో ఎక్కితే మధ్యాహ్నం రెండు దాటాక సికింద్రాబాద్, ఎనిమిదిన్నర గంటలు. టిఫిన్, భోజనం సీటు దగ్గరికే వచ్చాయి. పప్పు పలచగా ఉందని అత్తగారు వంక పెట్టారు గానీ మొత్తం తిన్నారు. ఆవిడ అసలు బాధ వేరే. గోదావరి వంతెన మీదికి రాగానే రూపాయి బిళ్ల పట్టుకుని సిద్ధమయ్యారు. ఆ కిటికీ తెరుచుకుంటేనా! వరంగల్ దాకా అదే సణుగుడు.

పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయాల్సిన పనుంటే విమానమే ఎక్కండి, అదీ ఉదయం మొదటిది. మధ్యాహ్నం వాటికి ముందు సర్వీసుల ఆలస్యమంతా వచ్చి చేరుతుంది. పెద్దవాళ్లతో అయితే రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తులు దొరికేలా ముందే బుక్ చేసుకోండి. మేమెక్కిన వందే భారత్‌లో కూర్చోవడమే తప్ప నడుం వాల్చే వీల్లేదు. ఇంట్లోంచి మాత్రం మీ పులిహోర మీరు పట్టుకెళ్లండి.